అన్నలు వస్తుండ్రు

భద్రాచలం వెళ్లే అడవి దారిలో ఒక చెక్‌పోస్టు ఉంది. బస్సు ఆగగానే జనం సంచులతో దిగుతారు, ఫోన్లు తెరిచి పోలీసుల చేతిలో పెడతారు. ఎవరూ చిరాకుపడరు. పైపెచ్చు "మన దగ్గర దాచేదేముంది" అని గొప్పగా చెప్పుకుంటారు. మీరూ నేనూ ఆ మాట ఎన్నిసార్లు అనలేదు?

ఆశ్రమ పాఠశాలలో వంట చేసే జంపక్క కూడా అలాగే అనేది. ఒక సాయంత్రం బస్సులో ఇంటికి పోతుంటే, చెక్‌పోస్టు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ ఆమె ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ నొక్కాడు. తనతో పాటు వంట చేసే యశోదకు ఆమె పంపిన మెసేజ్ అది. అందరికీ వినపడేలా మోగింది.

"యశోదా, ఆదివారం అన్నలు వస్తుండ్రు. ఆళ్ల ఎంబడి పోతున్న. బడిల నువ్వు జర సంభాళించు. మా ఆయనకు మాత్రం తెల్వనియ్యకు."

ఆ అడవి పట్టున అన్నలంటే తోడబుట్టినవాళ్లు. తుపాకులు పట్టి అడవిలో తిరిగినవాళ్లు కూడా అన్నలే. జంపక్కకు ఆ సంగతి తెలియక కాదు. సొంత అన్నల గురించి చెప్పేటప్పుడు అది ఎవరికి గుర్తుంటుంది? వరుసలో ఆమె పక్కనున్నవాళ్లు మెల్లగా దూరం జరిగారు.

ఎస్సై బాలకృష్ణ వచ్చాడు. "ఏ అన్నలమ్మా? ఏడికి పోతవ్?"

"నా తోడబుట్టినోళ్లు సార్. పెనుబల్లి కాడ ఉంటరు."

"మరి మొగునికి చెప్పకుండ పోవుడేంది?"

జంపక్క వెనక్కి తిరిగి చూసింది. ఆమె వెనకే మరిది పగిడయ్య నిలబడి ఉన్నాడు. ఊరివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

"జర పక్కకు రండి సార్, చెప్త."

"ఈడనే చెప్పు. దాచేదేముంది?"

తన మాటే తనకు ఎదురొచ్చింది. చెప్పకపోతే స్టేషనుకు పోవాలి. చెబితే ఊరంతా తెలుస్తుంది. తల దించుకుని చెప్పింది.

"రొమ్ముల గడ్డ అయింది సార్. అన్నలు ఖమ్మం దవాఖానాకు తీస్కపోతమన్నరు. మా అత్త గీ రోగంతోనే పోయింది. టెస్టులు అయ్యేదాంక ఆయనకు తెల్వొద్దనుకున్న."

ఎస్సై ఫోను ఆమె చేతికిచ్చేశాడు. "గీ ముక్క ముందే చెప్తే అయిపోయేది గదా," అని గొణిగాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. అనుమానం తీరింది, తన పని అయిపోయిందనుకున్నాడు. ఫోను తిరిగొచ్చింది, నిజమే. నలుగురి చెవిన పడ్డ మాటను తిరిగిచ్చే అధికారం ఏ ప్రభుత్వానికుంది?

ఆమె ఇల్లు చేరేసరికి భర్త ముసలయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. బస్సులోంచే పగిడయ్య ఫోను చేసి చెప్పేశాడు.

"బస్సుల అందరికి తెల్సినంక నాకు తెల్సింది," అన్నాడు ముసలయ్య. అన్నం ముందు పెట్టినా ముద్ద ఎత్తలేదు. టెస్టుల ఫలితం వచ్చేదాకా మనిషి సగమైపోయాడు. చివరికి అది ప్రమాదం లేని గడ్డేనని డాక్టర్లు తేల్చారు. ముసలయ్య పడ్డ బాధంతా అసలు పడనక్కర్లేనిది.

కొన్నాళ్లకు జంపక్క వంట చేసే బడిలోనే ఊరివాళ్లకు చట్టాల మీద సదస్సు పెట్టారు. భద్రాచలం నుంచి లాయరు శారద వచ్చింది.

"మనిషి సొంత సంగతులు మనిషి బతుకులో భాగమేనని సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగ చెప్పిండ్రు. సోదాలే వద్దని కాదు. దానికి చట్టం ఉండాలె, నిజమైన అవసరం ఉండాలె, అవసరానికి మించి పోవద్దు. సంచి వెతికే అధికారం ఉందని మనసు గూడ వెతుకుతమంటే ఎట్ల?"

పగిడయ్య లేచాడు. "తప్పు చేయనోళ్లకు దాచేదేముంటది మేడమ్?"

వంటగది గుమ్మంలో నిలబడ్డ జంపక్క లాయరును జవాబు చెప్పనివ్వలేదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"తప్పు చేయనోళ్లకు గూడ దాచుకునేటియి ఉంటయి పగిడయ్యా. మీ అన్న కంటినిండ నిద్రపోవాలని నా నొప్పి నేను దాచుకున్న."