నంబరు పడ్డ కాగితం

ఊపిరి మిషన్ల వార్డుకి కరెంటు ఎలా ఇవ్వాలన్నది కొత్త భవనంలో చివరిదాకా తేలలేదు. ఆసుపత్రి ఇంజనీరు ఒటిలియా రెండు పద్ధతులు గీసి పెట్టింది. మొదటిదానికి విడిగా ట్రాన్స్‌ఫార్మరూ, దానికో గదీ కావాలి. కరెంటు ఎక్కడైనా లీకైతే అలారం మోగుతుంది గానీ మిషన్లు ఆగవు. రెండోదానికి గది అక్కర్లేదు. కానీ ఒక్క తీగ తడిసినా వార్డంతా ఆగిపోతుంది.

డైరెక్టరు డాక్టర్ పొంపిలియు మొదటి కాగితం వైపు చూడనైనా చూడలేదు. ట్రాన్స్‌ఫార్మరుకని గీసిన ఆ గది కిటికీలోంచి మురేష్ నది కనిపిస్తుంది. తన చాంబరుకని దాని మీద ఆయన ఎప్పుడో కన్నేశాడు.

"ఇనప డబ్బాకి నది చూడాలని ముచ్చటా, ఇంజనీరమ్మా?" అని నవ్వాడు. "రెండోదే కానివ్వు. నా చాంబరుకి మాత్రం వేరే లైను లాగించు. కాఫీ మిషనుంటుంది."

"పేషెంట్లు చచ్చిపోతారు డాక్టర్ గారూ!"

"నువ్వు సంతకం పెట్టకపోతే పెట్టేవాడొస్తాడు. నీ కుర్చీలో కూర్చుని మరీ పెడతాడు."

ఒటిలియా పింఛనుకి ఇంకా రెండేళ్లుంది. అభ్యంతరం రాసి, వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసే రిజిస్ట్రీకి పట్టుకెళ్లింది. రొమేనియాలో జనానికి శిలువ మీద కంటే రిజిస్ట్రీ నంబరు మీదే గురి ఎక్కువ. ముప్ఫై ఏళ్లుగా అక్కడ ముద్రలు కొడుతున్న లియొంటీనా, 412 అని నంబరు వేసి కాగితం తిరిగిచ్చింది.

"నంబరు పడిందిగా, ఇక నీ జోలికెవడొస్తాడే? నిశ్చింతగా సంతకం పెట్టుకో."

మర్నాడే ఒటిలియా రెండో పద్ధతి మీద సంతకం పెట్టింది. చాంబరు లైనూ తనే దగ్గరుండి లాగించింది.

ఏడాది తిరక్కుండా లియొంటీనా నిమ్ముతో అదే వార్డులో చేరింది. ఓ మిట్టమధ్యాహ్నం ఎవరిదో సెలైన్ సీసా ఒలికి, రోగిని వెచ్చగా ఉంచే కరెంటు పరుపు తీగ తడిసింది. వార్డంతా ఆగిపోయింది. ఊళ్లో కరెంటు ఉంది కాబట్టి జనరేటరు కదల్లేదు. మిషన్లలో బ్యాటరీలు ఎప్పుడో చచ్చాయి. మిషన్ల మీద ఉన్నది లియొంటీనాతో కలిపి ఇద్దరు, చేత్తో ఊపిరి కొట్టే సంచి ఒక్కటే. నర్సు ఇద్దర్నీ చూసి, ఇరవై ఏళ్ల పిల్ల దగ్గరికి పరిగెత్తింది.

మెయిన్ స్విచ్ ఒటిలియా ఎత్తిన ప్రతిసారీ మళ్లీ కిందికి పడిపోయింది. ఆ తీగ ఏదో పట్టుకునేసరికి ఆరు నిమిషాలైంది. అప్పటికి లియొంటీనా పెదాలు నల్లబడ్డాయి.

విచారణ డైరెక్టరు చాంబరులోనే జరిగింది. ప్రాసిక్యూటరు 412 నంబరు కాగితం తీశాడు. ఒటిలియాకి ప్రాణం లేచొచ్చింది.

"నాదేనండీ! ముందే హెచ్చరించాను."

"అంటే చస్తారని మీకు తెలుసు. తెలిసీ మర్నాడు సంతకం పెట్టారు."

"నేను డాక్టర్ని, తీగల గొడవ నాకేం తెలుసు? ఈవిణ్ణి నమ్మాను," అన్నాడు పొంపిలియు.

కాగితం మీద లియొంటీనా ముద్ర, తేదీతో సహా చక్కగా పడి ఉంది.

"కాఫీ తీసుకుంటారా?" అని డైరెక్టరు ప్రాసిక్యూటరుని అడిగి బటన్ నొక్కాడు. ఆ ఆరు నిమిషాల్లో కూడా ఆగని ఆ మిషను వెంటనే పనిచేసింది.