పిండిమర హోరులో ఇంగ్లీషు క్రియలు

పిండిమర ఉన్న ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే. నాన్న మంచినీళ్లు అడిగితే వీధి చివరికి వినిపించేది. ఆయన కూతురు మాట్లాడితే మాత్రం పక్కవాళ్లు చెవి ఒగ్గి వినాలి. అందుకే అందరూ ఆ పిల్లని ‘చీమ’ అనేవారు.

చీమకి మర్నాడు ఇంగ్లీషు పరీక్ష. అదీ నోటితో. టీచరమ్మ క్రియ లేకుండా వాక్యం చదువుతుంది, సరైన క్రియ పెట్టి చెప్పాలి. పోయినసారి చీమకి అన్నీ తెలుసు, నోరే పెగల్లేదు. ఈసారి కూడా నీళ్లు నమిలితే ఆరో తరగతి పిల్లలతో కూర్చోబెడతానంది టీచరమ్మ. పదో తరగతి పిల్లకి అంతకంటే తలవంపులేముంటాయి?

సాయంత్రం బస్తాల వెనక గోడవైపు తిరిగి, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని మొదలెట్టింది. కాలం చెప్పే మాటని ముందు పట్టుకుంటే క్రియ దాని వెంటే వస్తుందని తనే కనిపెట్టింది. మర హోరులో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో గొంతు చించుకుంటోంది.

"యెస్టర్‌డే షి వెంట్! ఎవ్రీ డే షి గోస్!"

ఇంతలో బెల్టు ఊడింది. నాన్న గబుక్కున మోటారు కట్టేశాడు. చీమకి తెలియలేదు.

"టుమారో ఐ విల్ గో!"

భుజం మీద ఎవరో తట్టారు. తిరిగి చూస్తే, డబ్బాలు పట్టుకుని వరసలో ఉన్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. తట్టింది టైలరు పిన్ని.

"రేపెక్కడికే ప్రయాణం?"

"చదువుకుంటున్నా పిన్నీ..."

"ఏమిటీ? ఇందాకటి గొంతేదీ, పిండిలో కలిసిపోయిందా?"

అందరూ నవ్వారు. చీమకి ముఖం ఎర్రబడింది.

"నాన్నా, మర వెయ్యి."

"బెల్టెక్కాలి కదే! అందాకా వీళ్లకేం తోస్తుంది? చెప్పు, వింటారు."

"నేనడుగుతా," అంది పిన్ని. "నిన్న చొక్కా కుట్టాను. ఏమనాలి?"

"ఐ స్టిచ్డ్ ఎ షర్ట్."

"వరస చివర తాతయ్యకి వినపడలేదట."

"ఐ స్టిచ్డ్ ఎ షర్ట్!"

"మరి రేపు కుడతాను?"

"ఐ విల్ స్టిచ్!" అని, చీమ ఒక్క క్షణం ఆగింది. "నీకు ఆ ‘విల్’ ఒక్కటి వస్తే చాలు పిన్నీ."

వరస వరసంతా గొల్లుమంది. చొక్కా కోసం ఎప్పటినుంచో పిన్ని చుట్టూ తిరుగుతున్న తాతయ్య డబ్బా మీద దరువేశాడు. "బాగా చెప్పావే చీమా!" అంటూ అందరికంటే ఎక్కువ నవ్వింది పిన్నే.

మర్నాడు క్లాసులో చీమ లేచి నిలబడింది. "లాస్ట్ వీక్ దే... ద డోర్," అంది టీచరమ్మ. ‘ఓపెన్’ అన్న క్రియని సరైన రూపంలో పెట్టమంది. గదంతా నిశ్శబ్దం. చీమ ఆ పిల్లలందరి చేతుల్లోనూ తలా ఒక పిండి డబ్బా ఊహించుకుంది.

"దే ఓపెన్డ్ ద డోర్!"

వెనక బెంచీలో కునుకు తీస్తున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. టీచరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"కరెక్టేనమ్మా. నేనిక్కడే ఉన్నాను, కాస్త మెల్లగా చెప్పు."

ఆ మాట చీమతో అంతవరకూ ఎవరూ అనలేదు. మిగతావి మెల్లగానే చెప్పింది, అన్నీ చెప్పింది. ఆరో తరగతి పిల్లల గొడవ తప్పింది.

సాయంత్రం మర హోరులోంచి, ఏమైందని నాన్న చేత్తోనే సైగ చేశాడు. చీమ తొందరపడలేదు. మర ఆగేదాకా ఆగి, వరసలో అందరికీ వినపడేలా చెప్పింది.