గాలి ఎక్కేదాకా

మనిషికో బలహీనత. కొందరు తీపి కనబడితే ఆగలేరు, కొందరు పొగడ్త వినబడితే ఆగలేరు. మన బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుంటే ఆగలేడు. ఠక్కున నిద్రపట్టేస్తుంది.

డ్రైవరుకి ఇదేం జబ్బని కంగారుపడకండి. స్టీరింగు ముందు కూర్చున్నాడంటే రెప్ప వాల్చడు. పాతికేళ్ళ సర్వీసులో బండికి చిన్న గీత కూడా పడనివ్వలేదు. చిక్కల్లా ప్రార్థన దగ్గరే. మోకాళ్ళ మీద కూర్చుని "తండ్రీ" అనేవాడు, ఆ తండ్రికి ఆ తరవాత వినిపించేదంతా గురకే. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే ఇతని గడ్డం ఛాతీకి ఆనేది. ముగింపు మాట చెవిన పడగానే ఉలిక్కిపడి లేచి, అందరికంటే గట్టిగా "ఆమేన్!" అనేవాడు. సంఘంలో పిల్లలు అతనికి ఆమేన్ మావయ్య అని పేరు పెట్టారు. పిల్లలదాకా ఎందుకు, పాస్టరుగారే ఒకసారి నోరు జారి అలా పిలిచేశారు.

భార్య అలా కాదు. ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుట్టే మనిషి. తెల్లారకముందే భర్తకి డబ్బా కట్టి పంపించి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని అరగంట ప్రార్థన చేసుకునేది. ఇరవై ఏళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. కొందరికి పాట వస్తుంది, ఈవిడకి ప్రార్థన వస్తుంది, నాకు నిద్రొస్తుంది, ఎవరికి ఇచ్చింది వాళ్ళకి అని డ్రైవరు సరిపెట్టుకునేవాడు.

సరిపెట్టుకున్నాడంటే ప్రయత్నించలేదని కాదు. ఏటేటా జనవరి ఒకటో తారీఖున బైబిలు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టేవాడు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటేవారు గానీ ఇతను దాటేవాడు కాదు, ఈ ఒడ్డునే పేజీ మధ్యలో వేలు పెట్టుకుని నిద్రపోయేవాడు. చన్నీళ్ళు మొహాన కొట్టుకుని చూశాడు. మిరియాలు నమిలి చూశాడు. మిరియాలు నోట్లో పెట్టుకునే నిద్రపోయి, పొలమారి, చచ్చి బతికాడు. లోపల మాత్రం సిగ్గుగా ఉండేది. యాభై రెండేళ్ళు వచ్చాయి, దేవుడితో నిమిషంసేపు సరిగ్గా మాట్లాడిన పాపాన పోలేదు, రేపు ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని పలకరించాలి అనుకునేవాడు.

అలాంటివాడికి ఒకరోజు డిపోలో దారి దొరికింది.

పెద్ద బస్సుల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. పొద్దున్నే ఇంజను ఆన్ చేసి, ట్యాంకుల్లోకి గాలి ఎక్కి, మీటరులో ముల్లు ఆకుపచ్చ గీత దాకా వచ్చేవరకు బండి కదపకూడదు. అందాకా ఒక బజరు కీమని మోగుతూనే ఉంటుంది. మంచి బండికి రెండు మూడు నిమిషాలు చాలు. ఆ రోజు మన డ్రైవరు బండికి పదకొండు నిమిషాలు పట్టింది. ఎక్కడో కింద బుస్సుమని సన్నగా శబ్దం.

ఆ పదకొండు నిమిషాలు ఏం చెయ్యాలో తోచలేదు. కింద సీటు గడగడా వణుకుతోంది, చెవిలో బజరు కేకలేస్తోంది. సరే, ఊరికే కూర్చునేదేమిటని కళ్ళు మూసుకుని "తండ్రీ" అన్నాడు. నిద్ర రాలేదు! ఆ మోతలో ఎంతటి నిద్రముఖానికైనా కునుకు పట్టడం అసాధ్యం. ఆశ్చర్యపోతూ ఇంకో మాట అన్నాడు. తరవాత ఇంకోటి. బజరు ఆగేసరికి ప్రార్థన పూర్తయింది. జీవితంలో మొదటిసారి అతను తన ఆమేన్ తను మెలకువగా ఉండి చెప్పుకున్నాడు. ఆ రోజంతా ఎదురొచ్చిన ప్రతి ఆటోకీ దారి ఇచ్చాడు.

అప్పుడే కంప్లైంట్ల పుస్తకంలో రాయాల్సింది: ఫలానా బండి, గాలి లీకు అని. పెన్ను జేబులోనే ఉంది. రాయలేదు. రేపు రాద్దాంలే అనుకున్నాడు. మర్నాడు సీటు కింద నుంచి చిన్న బైబిలు తీసి, ఒక కీర్తన చదివి, ప్రార్థన చేసుకుని, మళ్ళీ రేపు రాద్దాంలే అనుకున్నాడు. అలా నలభై రేపులు గడిచాయి.

ఆ నలభై రోజులూ మనిషి వెలిగిపోయాడు, అబద్ధమెందుకు. స్టాపు దాటాక పరిగెత్తుకొచ్చేవాళ్ళ కోసం బండి ఆపేవాడు. చిల్లర లేదని ఎవరైనా నసిగితే, వెనకనించి కండక్టరమ్మ కళ్ళెర్రజేస్తున్నా, "పోనీలేమ్మా, రేపిస్తారు" అనేవాడు. ఇంట్లో కూనిరాగాలు. భార్య రెండుసార్లు నుదురు ముట్టుకుని చూసింది.

కండక్టరమ్మ అతని కంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నోరు మాత్రం ఇరవై ఏళ్ళు పెద్దది. ఒకరోజు టికెట్ల మిషను పట్టుకుని ఫుట్‌బోర్డు మీద నిలబడి అడిగేసింది.

"అన్నా, పక్క బండి వెళ్ళి ఒక ట్రిప్పు కొట్టుకొచ్చేలా ఉంది. మనకింకా గాలే ఎక్కలేదు. ఈ బుస్సు ఏంటి, బండి కింద పాముగానీ ఉందా?"

"పాత బండి కదమ్మా. దానికీ ఆయాసం ఉంటుంది."

"ఆయాసం బండికా, నీకా? పుస్తకంలో రాయొచ్చు కదా!"

"రాస్తాలే" అన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

నలభై ఒకటో రోజు పొద్దున కూడా ఎప్పటిలాగే ప్రార్థన చేశాడు. "తండ్రీ, ఇవాళ ఈ బండి ఎక్కే ప్రతి ఒక్కరినీ క్షేమంగా దించు" అని మనసారా అడిగాడు. కింద లీకు తన పాట తను పాడుతూనే ఉంది.

స్కూళ్ళ వేళకి బండి కిటకిటలాడుతోంది. వంతెన దిగే వాలులో ట్రాఫిక్కు అడుగడుక్కీ ఆగుతోంది. బ్రేకు, వదలడం, మళ్ళీ బ్రేకు. నొక్కిన ప్రతిసారీ గాలి ఖర్చవుతుంది. ఎక్కాల్సినంత వేగంగా ఎక్కడం లేదు. ఉన్నట్టుండి బజరు మోగింది. మీటరు వంక చూస్తే ముల్లు ఎర్ర గీత అంచున ఉంది. ముందు ఒక స్కూటరు, దాని మీద తల్లీ, ఇద్దరు పిల్లలు.

గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, బండిని పక్కకి తీసుకొచ్చి కాలిబాట అంచుకి ఆనించి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. లోపల ఎవరికీ సంగతి తెలియను కూడా తెలియలేదు. "ఏంటయ్యా, ఇక్కడ ఆపావు?" అని ఒకాయన విసుక్కున్నాడు. స్కూటరు మీది తల్లి వెనక్కి తిరగనైనా తిరగకుండా పిల్లలతో ఏదో చెప్పుకుంటూ వెళ్ళిపోయింది.

డ్రైవరు మాత్రం మీటరు వంకే చూస్తూ కూర్చున్నాడు. రోజూ తను ప్రార్థన చేసుకునేది ఈ బజరు మోతలోనే. నోటితో వీళ్ళని కాపాడమని అడుగుతూ, చెవులతో ఆ లీకు వింటూ కూర్చున్నాను కదా నలభై రోజులు అనుకున్నాడు. దేవుడు ఎన్నిసార్లు ఒరే, పుస్తకంలో రాయరా అని ఉంటాడో. తను మాట్లాడటమేగానీ ఆయన మాట విన్నది ఎప్పుడు? కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

జనాన్ని వెనక బండి ఎక్కించి, మళ్ళీ గాలి ఎక్కేదాకా ఆగి, ఖాళీ బస్సుని మెల్లగా డిపోకి తోలుకొచ్చాడు. మెకానిక్కు కింద దూరి చూసి, మసి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్ళు.

"వాల్వు దగ్గర రబ్బరు వాషరు అరిగిపోయింది గురూ. వేలెడంత ముక్క. ఎన్నాళ్ళ నుంచి?"

ఇవాళే అంటే అయిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నలభై రోజులు. తెలిసే చెప్పలేదు" అన్నాడు డ్రైవరు.

"నీకేమైనా మతిపోయిందా? ఎందుకు చెప్పలేదు?"

చెప్పాడు. నిద్ర సంగతి, బజరు సంగతి, మొత్తం. మెకానిక్కు నోరు తెరుచుకుని విన్నాడు. తరవాత తిట్టాడు. తిట్టి, నవ్వాడు. నవ్వి, మళ్ళీ తిట్టాడు. "కుక్కని పెంచుకున్నవాణ్ణి చూశాను, పిల్లిని పెంచుకున్నవాణ్ణి చూశాను. లీకేజీని పెంచుకున్నవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు.

డిపో పెద్దాఫీసరు సంజాయిషీ రాసిమ్మన్నారు. డ్రైవరు ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మూడుసార్లు చదివారు. "ముప్పై ఏళ్ళలో ఎన్నో సంజాయిషీలు చదివానయ్యా. అమ్మమ్మలు నాలుగేసి సార్లు చనిపోయినవి కూడా చదివాను. ఇలాంటిది మాత్రం ఇదే మొదటిది" అన్నారు. మెమో ఇచ్చి, మూడు రోజులు బండి ఇవ్వకుండా షెడ్డులో కూర్చోబెట్టారు. ఇంకా పెద్ద శిక్ష పడుతుందనుకున్నవాడికి ప్రాణం కాస్త కుదుటపడింది.

నాలుగో రోజు బండెక్కి ఇంజను ఆన్ చేశాడు. కళ్ళు మూసుకుని "తండ్రీ, మొదట క్షమించు" అన్నాడో లేదో బజరు ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే ముల్లు ఆకుపచ్చ మీద నిలబడి ఉంది. కండక్టరమ్మ రయ్యిన విజిలేసింది. మర్నాడు ఇంకా త్వరగా మాట్లాడి చూశాడు. కుదరలేదు. ఇంటికొచ్చి మంచం పక్కన మోకరించాడు. గురక.

ఇంతకుముందు లేనిదాని కోసం సిగ్గుపడేవాడు. ఇప్పుడు దొరికింది కాస్తా చేజారిపోయింది. ఇది ఎక్కువ బాధగా ఉంది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే భార్య కంచం పక్కకి జరిపింది.

"ఏమండీ, డిపోలో ఏం జరిగింది? మెమో గురించి కండక్టరమ్మ చెప్పిందిలెండి. మిగతాది మీ నోటితో వినాలని ఉంది."

మొత్తం విన్నాక ఆవిడ నవ్వింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసేంతగా నవ్వింది. డ్రైవరు ఉడుక్కున్నాడు.

"నవ్వు, నవ్వు! నీకేం, ప్రార్థన నీకు పుట్టుకతో వచ్చింది."

నవ్వు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాగా."

"ఏం చూస్తున్నారు? మీరు వెళ్ళాకే కదా నేను కూర్చునేది. పెళ్ళయిన కొత్తలో మీరు బండి తీసుకెళ్తే సాయంత్రం దాకా నాకు చేతులు ఆడేవి కావు. సూదికి దారం ఎక్కించలేకపోయేదాన్ని. ఆ భయానికి కూర్చున్నానండీ, భక్తితో కాదు. ఇప్పటికీ సగం రోజులు మనసు నిలవదు. కాజాలు కుట్టాలి, బొత్తాలు తేవాలి అని ఎటో పోతుంది. మళ్ళీ లాక్కొచ్చి కూర్చోబెడతాను. అంతే. నాకు వచ్చిన విద్య అదొక్కటే."

ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉండి ఆవిడ భయం డ్రైవరుకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చల్లారిన అన్నం తినేసి, కంచం తనే కడిగాడు.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి అతనికి మెలకువ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా భార్య మూడుసార్లు పిలిచి, నాలుగోసారి దుప్పటి లాగేస్తేగానీ లేవని మనిషి! అలారం మోగలేదు, ఎవరూ లేపలేదు. ఏదో ఆకలేసినట్టుగా ఉంది. చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి లైటు వేశాడు. కూర్చుంటే కునుకు వస్తుంది, మోకరిస్తే అసలు చెప్పక్కర్లేదు. అందుకని నిలబడ్డాడు. మనసులో అనుకుంటే మాటలు జారిపోతాయని పైకే మొదలుపెట్టాడు, స్టవ్వు నుంచి తలుపు దాకా, తలుపు నుంచి స్టవ్వు దాకా నడుస్తూ. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"తండ్రీ, స్కూటరు మీద వెళ్ళినావిడ ఎవరో నాకు తెలియదు, నీకు తెలుసు. ఆవిడకీ, పిల్లలకీ ఏమీ కాకుండా చూశావు. నేను చూసుకోలేదు, నువ్వు చూసుకున్నావు. రెండో స్టాపులో ఎక్కే నర్సమ్మ నిన్న ఏడుస్తూ ఎక్కింది, ఏమైందో కనుక్కో. కండక్టరమ్మకి ఓపిక ఇవ్వు. నాతో వేగాలి కదా పాపం. ఆ మెకానిక్కు కూడా మంచివాడే, నోరే కొంచెం..." అక్కడ తనకే నవ్వొచ్చి కాసేపు ఆగాడు. "మా ఆవిడ సంగతి. ఇన్నేళ్ళూ నా గురించి భయపడుతూనే బతికింది తండ్రీ. నాకు తెలియనే లేదు. ఆవిడ భయం తీసెయ్యి. ఇవాళ నేను వెళ్ళాక ఆ మిషను దగ్గర హాయిగా కూర్చోనివ్వు. అసలు ఆవిడ లేకపోతే నేను..."

తలుపు దగ్గరికొచ్చి తిరగబోతూ చూశాడు. భార్య గడప దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో, చెంపలు తడిసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో అందరి కోసం అడిగిన మనిషి. తన కోసం ఒకరు పైకి అడగడం చెవులారా వినడం ఆవిడకిదే మొదలు.

డ్రైవరు దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా నిలబడిపోయాడు. "టైమైపోయిందేమో, డబ్బా..." అని గొణిగాడు.

ఆవిడ వచ్చి అతని పక్కన నిలబడింది. తల మీద కొంగు సర్దుకుని కళ్ళు మూసుకుంది.

"డబ్బా సంగతి నేను చూసుకుంటానులెండి. మధ్యలో ఆపేశారేం? నేను లేకపోతే ఏమయ్యేవారో, అది కూడా చెప్పండి ఆయనకి" అంది.