రెండో మెట్టు మీద సున్నం

శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు, మగవాళ్లు జుమా నమాజుకు పోయిన సమయంలో, ఖానాపురం హవేలిలోని ఇద్రీస్ ఇంటి ఈతకొలనులో అంజుమ్ కాలు తెగింది. రెండో మెట్టు అంచుకు సున్నం పేరుకుని ఉంది. ఆ పెచ్చు మీద ఆమె అరికాలు జారింది. దవాఖానాలో కుట్లు వేశారు.

అంజుమ్ ఆ ఇంటి చిన్న కోడలు. ఇద్రీస్ తమ్ముడు ముదస్సిర్ భార్య. పెళ్లయి ఏడాది. పెద్ద కోడలు సఫూరా ఆ సమయంలో వంటింట్లో బిర్యానీ దమ్ముకు పెడుతోంది. కేక విని పరుగెత్తింది. చున్నీ చింపి కట్టు కట్టింది. నీళ్లలో ఎరుపు మెట్టు దగ్గర పరుచుకుని, పలచబడి, కనిపించకుండా పోయింది. పొయ్యి మీద గిన్నె అడుగంటింది.

ఆ మెట్టు సంగతి సఫూరాకు ముందే తెలుసు.

ఇద్రీస్‌ది గ్రానైట్ వ్యాపారం. మూడేళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు పెరట్లో కొలను కట్టించాడు. ఇంటికి వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తాడు. నింపేది బోరు నీళ్లతో. ఆ నీళ్లకు బకెట్లు తెల్లబడతాయి, కుళాయిలు పూడుకుపోతాయి, పప్పు ఉడకదు. కొలనులో ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం పోదు. పైనుంచి మళ్లీ బోరు నీళ్లు వదిలితే అది ఇంకొంత పెరుగుతుంది. నీళ్లు చూసుకునే పద్ధతి కట్టినవాళ్లు ఇద్రీస్‌కు చెప్పిపోయారు. ఇద్రీస్ సఫూరాకు చెప్పాడు. "నువ్వెట్లనూ ఇంట్లనే ఉంటవ్ గదా" అన్నాడు. అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున గాజుగొట్టంలో నీళ్లు పట్టి, చుక్కల మందు వేసి, రంగు చూస్తుంది. రంగు ముదిరితే సున్నం గోడలకు పట్టబోతోందని అర్థం. బకెట్ నీళ్లలో కొంచెం యాసిడ్ కలిపి కొలను చుట్టూ పోస్తుంది. అయినా ఎంతోకొంత పేరుకుంటుంది. నీటిమట్టం తగిలే గోడ వెంబడి, రెండో మెట్టు అంచున, ఎక్కువ. గట్టు మీద మోకాళ్లపై కూర్చుని, చెయ్యి ముంచి, గరుకురాయితో గీకాలి. మూడేళ్లుగా ఆమె చెయ్యి మోచేతిదాకా ఆ నీళ్లలోకి పోతోంది. కాలు పోలేదు.

పోవద్దని ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్లు నీళ్లలో దిగే వీలున్నది ఒకే ఒక్క గంట, శుక్రవారం మగవాళ్లు మసీదుకు పోయిన గంట. వాళ్లు తిరిగొచ్చేసరికి శుక్రవారం భోజనం తయారుగా ఉండాల్సింది కూడా ఆ గంటలోనే. అంజుమ్‌కు నడుము నొప్పి. హైదరాబాద్ డాక్టరు ఈత కొట్టమన్నాడు. కాబట్టి చిన్న కోడలు నీళ్లకు పోయింది, పెద్ద కోడలు పొయ్యి దగ్గర మిగిలింది. ఇది ఎవరూ నిర్ణయించలేదు. అదే అయింది.

వంటింటి కిటికీలోంచి కొలను కనబడుతుంది. అంజుమ్ ఈదుతుంటే సఫూరాకు ఏమీ అనిపించేది కాదు. వెల్లకిలా తేలినప్పుడే కోపమొచ్చేది. తేలినప్పుడు చెవులు నీళ్లలో ఉంటాయి. అత్త ఆరిఫా వసారాలోంచి "అంజుమ్" అని పిలిచేది. ఇంకోసారి పిలిచేది. ఆ తర్వాత "సఫూరా" అనేది. అంజుమ్ తలకు నూనె పెట్టుకుని దిగుతుంది, నీళ్లు పాడవుతాయి, అందుకే తనకు కోపం అని సఫూరా కొన్నాళ్లు తనకు తాను చెప్పుకుంది. నూనె కాదని తనకు తెలుసు. పిలిస్తే వినపడకుండా ఉండే వీలు ఒక మనిషికి ఉండటం, ఆ మనిషి తను కాకపోవడం, అంతే. అంజుమ్ నీళ్లలోంచి లేచి వచ్చాక సఫూరా ఆమె అరికాళ్లు చూసేది. తన వేళ్ల సందులు చూసుకునేది. యాసిడ్‌కు పగిలి ఉండేవి. నిమ్మకాయ పిండుతుంటే మండేవి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇంకొకటి. ఇద్రీస్ వాళ్లది భద్రాచలం. గోదావరి వరద ఊళ్లోకి వచ్చి తీసిన ప్రతిసారీ బావుల్లో బ్లీచింగ్ పౌడర్ చల్లడం చూసి పెరిగినవాళ్లు. వాళ్లకు ఏ నీళ్లకైనా అదే మందు. కొలనుకూ బస్తాలే తెచ్చాడు. ఒకసారి సఫూరా భోజనాల దగ్గర చెప్పింది.

"ఆ పౌడర్ మానెయ్యుండ్రి. దాన్లనే సున్నముంటది. మన నీళ్లల్ల ముందే ఉన్నది, మనమే ఇంకింత పోస్తున్నం. డబ్బాల్ల లిక్విడ్ దొరుకుతది, అది తెండి."

"గోదారి వచ్చి పోయినంక బావులల్ల గదే పోస్తిమి," అంది అత్త. "మేం బతకలేదా?"

"చూసినవా అమ్మీ, మన ఇంట్ల సైంటిస్టున్నది," అని ఇద్రీస్ నవ్వాడు.

నెల కిందట అంజుమ్ అడిగింది, గోడలు ఎందుకు తెల్లబడతాయని. సఫూరా చెప్పింది. ఆ రోజే భోజనాల దగ్గర అంజుమ్ ఆ మాటే అంది, దాదాపు అవే మాటల్లో. ఇద్రీస్ ముద్ద ఆపాడు.

"అవ్, గిది పాయింటే. సిటీల పెరిగిన పిల్ల గదా, తెలుస్తది."

"భాభీనే చెప్పింది నాకు," అంది అంజుమ్.

ముదస్సిర్ సాలన్ అడిగాడు. అత్త గిన్నె జరిపింది. అంజుమ్ మాట సఫూరా ఒక్కతే విన్నది. దానికీ ఆమె మనసు రగిలింది. మెప్పు అంజుమ్‌దే. దాన్ని పంచిపెట్టే మంచితనమూ అంజుమ్‌దే. తన చేతిలో గరిటె ఉంది. మర్నాడు లిక్విడ్ డబ్బాలు వచ్చాయి.

ఆ మర్నాడు పొద్దున సఫూరా గోడలన్నీ గీకింది. రెండో మెట్టు దగ్గరికి వచ్చి రాయి పక్కన పెట్టింది. మరుసటి రోజూ అదే చేసింది. యాసిడ్ కూడా తగ్గించింది. మొదట దారంలాంటి గీత వచ్చింది. తర్వాత గంజి ఎండినట్టు పొర. ఆ తర్వాత వేలికి తగిలే అంచు. ఎవరైనా చూస్తారనుకుంది. ఏందిది అని అడుగుతారనుకుంది. అంజుమ్‌కు కాలు తెగాలని అనుకోలేదు. జారాలని అనుకుంది. జారి, నీళ్లు మింగి, అత్త చూస్తుండగా ఒకసారి అందవికారంగా లేవాలనుకుంది. అంతవరకు అనుకున్నట్టు ఆమెకు బాగా గుర్తుంది.

ప్రమాదం జరిగిన సాయంత్రం ఆమె తనను అడుగుతారని ఎదురుచూసింది. జవాబులు సిద్ధం చేసుకుంది. ఒంట్లో బాగాలేదు. రాయి అరిగింది. ఎవరూ అడగలేదు. ఇద్రీస్ ఫోన్ తీసి, ఆ మెట్లకు టైల్స్ వేసిన లచ్చయ్యను తెల్లారేసరికి రమ్మన్నాడు.

లచ్చయ్య భద్రాచలం నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. సంచి దించకుండానే మెట్టు దగ్గర కూర్చుని తడిమాడు.

"టైలుకేం కాలే సేఠ్. మీద సున్నం కట్టింది."

"నీళ్ల సున్నమైతే మూడేండ్లు ఎందుకు కట్టలేదురా? నువ్వు పెట్టిన సిమెంటే బయటికొస్తాంది. నా తమ్ముని పెండ్లాం కాలు కోసుకున్నది. మెట్లన్నీ పీకి మళ్లా వెయ్యి. లేకుంటే భద్రాచలంల నిన్ను పనికి పిలిచెటోడు ఉండడు, చెప్తున్న."

"మూడేండ్లు ఎందుకు కట్టలేదో నాకేం ఎరుక సేఠ్," అన్నాడు లచ్చయ్య. సంచిలోంచి ఉలి తీశాడు.

సఫూరా చాయ్ పళ్లెంతో గుమ్మంలో ఉంది. బతికిపోయానని అనిపించాలి. అనిపించలేదు. మూడేళ్లు సున్నం కట్టకపోవడానికి కారణం ఒకటి ఉంటుందని, ఆ కారణానికి చేతులుంటాయని, ఆ చేతులున్న మనిషి పొద్దున్నే మోకాళ్లపై కూర్చుంటుందని ఇద్రీస్‌కు తట్టలేదు. చేసిన పని కనబడలేదు. సరే. చేయకపోవడం వల్ల ఒక మనిషి రక్తం కారింది, అదీ కనబడలేదు. తప్పు కూడా ఇంకొకరి పేరు మీద రాశారు. తలవంచుకుని తిట్లు తింటున్న లచ్చయ్యను చూస్తే కూడా ఆమెకు కుళ్లు పుట్టింది. ఆ మెట్టుకు అతను ఏదో చేశాడని కనీసం ఒకరు నమ్ముతున్నారు.

అతను ఉలి మెట్టుకు ఆనించాడు.

"ఆగు లచ్చయ్యా," అంది. పళ్లెం కింద పెట్టింది. "మూడేండ్లు సున్నం రోజూ కట్టింది. రోజూ నేను గీకిన."

"ఏం గీకినవ్?" అన్నాడు ఇద్రీస్.

"గోడలు. మెట్లు. నెల నుంచి ఈ మెట్టు గీకుతలేను."

"మర్చిపోయినవా?"

"మర్చిపోలే. కావాల్ననే ఇడిచిపెట్టిన."

"తౌబా," అంది అత్త వసారాలోంచి. "ఏం మాట్లాడుతున్నవే?"

అంజుమ్ అత్త పక్కనే కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. "మంగళారమే చూసిన భాభీ, అది," అంది. "మీరు గీకుతరు గదా అని ఊకున్న."



"ఎందుకు ఇడిచిపెట్టినవ్?" ఇద్రీస్ గొంతు తగ్గింది.

చెప్పాలంటే పప్పు ఉడకని నీళ్ల నుంచి మొదలుపెట్టాలి. గరిటె, కిటికీ, సాలన్ గిన్నె, అన్నీ చెప్పాలి. ఆమె అంత దూరం పోలేదు.

"కుళ్లుకొని," అంది. "దాన్ని చూసి కుళ్లుకొని."

అంజుమ్ దగ్గరికి పోయి, "నీ కాలుకు చేసింది నేను. మాఫ్ చెయ్," అంది. అంజుమ్ సరేననలేదు, కాదనలేదు. కాలు ఇంకొంచెం పైకి జరుపుకుంది. "మస్తు నొస్తాంది భాభీ," అంది.

"నొస్తది," అంది సఫూరా. ఇద్రీస్ వైపు తిరిగింది. "వచ్చే శుక్రవారం వంట నేను చెయ్య."

"ఇప్పుడు వంట ముచ్చటేంది?"

ఆమె కింద పెట్టిన పళ్లెం తీసుకుంది. లచ్చయ్యకు చాయ్ ఇచ్చింది. అతను తాగి, ఉలి సంచిలో పెట్టుకుని, బస్సుకు పోయాడు.

గరుకురాయి గట్టు మీదే ఉండిపోయింది. మూడు పొద్దులు దాన్ని ఎవరూ ముట్టలేదు. బుధవారం ఇద్రీస్ లుంగీ ఎగ్గట్టి, మోకాళ్లపై కూర్చుని, ఆ మెట్టు గీకాడు. సగం వచ్చింది. మిగతా సగం గురువారం సఫూరా గీకింది.

శుక్రవారం మగవాళ్లు నమాజు నుంచి తిరిగొచ్చేసరికి గేటుకు లోపల గొళ్లెం వేసి ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగించలేదు. అంజుమ్ గట్టు మీద కుర్చీలో కూర్చుని చేతులు ఎట్లా ఆడించాలో గాలిలో చూపిస్తోంది. సఫూరా మెడలోతు నీళ్లలో ఉంది.