ఎడమచేతి బొమ్మ

హిట్లర్ గద్దెనెక్కిన మరుసటి ఏడు. ప్రాగ్‌కు పారిపోయి వచ్చిన జర్మన్ చిత్రకారుల్లో ఒట్‌మార్ గీతను ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. కలం ఎత్తకుండా ఒకే గీతలో నాజీ మంత్రి పొట్టనూ బూటునూ పిరికితనాన్నీ లాగేస్తాడు. ఆ గీతే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. ప్రవాసుల వారపత్రికలో మారుపేరు పెట్టుకున్నా, డ్రెస్డెన్‌లో రహస్య పోలీసులు గీతను బట్టి మనిషిని పట్టేశారు. అక్కడే ఉన్న అతని చెల్లెలు లీస్‌బెత్‌ను పిలిచి, ఇలాంటిది ఇంకొక్కటి వస్తే జైలుకు పోయేది నువ్వేనని చెప్పి పంపారు. బొమ్మ చూసి నవ్వినవాణ్ణి కూడా లోపల వేసే ప్రభుత్వం అది.

గీయడం మానేస్తే వాళ్లకు కావలసిందీ అదే. గీస్తే చెల్లెలు పోతుంది. మూడు రోజులు కలం ముట్టలేదు. నాలుగో రోజు మారుపేరు కూడా మార్చుకుని, కలాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

సంపాదకుడు బ్రూనో ఆ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు.

“ఏంట్రా ఇది? మనిషా, మూటా?”

“మంత్రి.”

“మూడు కాళ్లున్నాయి.”

“ఒకటి చేతికర్ర.”

“కర్రకు బూటెందుకు తొడిగావు?”

ఒట్‌మార్ ఎడమచేతికి అంటిన సిరాను తుడుచుకున్నాడు.

“తాగి గీశావా?”

“వేస్తావా, వెయ్యవా?”

“వేస్తాలే. లేకపోతే పేజీ ఖాళీగా పోతుంది.”

పలచటి కాగితం మీద అచ్చైన ఆ పత్రికను టీ పొట్లాల్లో దాచి, కొండదారిన సరిహద్దు దాటించేది టిల్లా. ఎడమచేతి సంగతి ఒట్‌మార్ ఈలోగా ఆమెకూ బ్రూనోకూ చెప్పాడు. నెల తర్వాత తిరిగొచ్చి, కోటైనా విప్పకుండా వాళ్లిద్దరి ఎదుట కూర్చుంది.

“నీ చెల్లెల్ని మళ్లీ పిలిపించారు.”

ఒట్‌మార్ లేచి నిలబడ్డాడు.

“కూర్చో. ఇంట్లోనే ఉంది. నీ బొమ్మ ముందుపెట్టి, ఇది మీ అన్నదేనా అన్నారట. పగలబడి నవ్విందట. మా అన్న ఇంత దరిద్రంగా గీస్తాడా, ఆరేళ్లప్పుడే ఇంతకంటే నయంగా గీసేవాడు అందట. వాళ్లకూ అలాగే అనిపించినట్టుంది, వదిలేశారు.”

“తెలిసే అలా అందా?”

“లేదు. నాతోనూ అదే మాట. ఆ పనికిమాలినవాడి బొమ్మలు వేసుకోవడం మానమని మీవాళ్లకు చెప్పు అంది.” టిల్లా అప్పుడు కోటు గుండీలు విప్పింది. “మా అన్న భయపడి మానేశాడా అని కూడా అడిగింది. నేనేం చెప్పలేదు. ఈసారి వెళ్లినప్పుడు, ఆ బొమ్మలు నువ్వే గీస్తున్నావని నిజం చెప్పనా?”

బ్రూనో తల దించుకుని కాగితాలు సర్దాడు.

“భయపడ్డాడనే చెప్పు,” అన్నాడు ఒట్‌మార్. “నిజం తెలిస్తే, మళ్లీ పిలిచినప్పుడు దానికి అలా నవ్వు రాదు.”