ఎవరి క్యాను నిండాలని

పెళ్లయి పద్దెనిమిది రోజులు. గౌలిపురాలోని ఆ ఇంటి వెనక కొట్టంలో, పొద్దున్నే బాల్చీలో పాలధార పడే చప్పుడు వింటే అఖిలకు ఇంకా నవ్వొస్తుంది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ వేసవిలో ఇరవై మందితో జరిగిన పెళ్లి, మాస్కులతో దిగిన ఫోటోలు, లాడ్ బజార్ మూసి ఉంటే భర్త సాయికుమార్ ఎవరినో బతిమాలి తెచ్చిన గాజులు, అన్నీ ఆమెకు ముద్దుగానే ఉన్నాయి. ఒక్కటే దిగులు: అత్త పుష్పమ్మకు ఇంకా టీకా పడలేదు.

పుష్పమ్మకు షుగరు. ఎదురింటి ఈశ్వరయ్యదీ అదే జబ్బు. పోయిన నెల కరోనాతో దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు. అయినా మామ మొగులయ్యది ఒకటే మాట: "మా ఇంట్ల సూది ఒద్దు." ఆయన వద్దంటే ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. సాయికుమార్ కూడా "బాపుతోని లొల్లి ఎందుకే" అని జారుకున్నాడు.

ఆ పూట బస్తీ దవాఖానలో టీకాలు వేస్తున్నారని తెలిసి అఖిల కొట్టంలోకి వెళ్లింది. డిగ్రీ చదివిన పిల్ల. ఫోన్లలో తిరిగే పుకార్లన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకునే వెళ్లింది.

"మామా, అవన్నీ వాట్సాప్ ముచ్చట్లు..."

"నాకు ఫోన్ల చదువరాదు బిడ్డా." మొగులయ్య బర్రె పొదుగు కడుగుతున్నాడు. "నేను సూది ఏసినోణ్ణి. గందుకే ఒద్దంటున్న."

అఖిలకు అర్థం కాలేదు.

"ఎనకట ఒక బర్రె ఉండె. దూడ సచ్చింది. దూడ లేకుంటే పాలు చేపదు గద, సూది ఏస్తే నిమిషంల దించేది. పొద్దుమాపు పొడిచిన. నన్ను చూస్తెనే తలకాయ తిప్పేది. తాడు గుంజి పట్టుకొని పొడిచేటోణ్ణి. రెండేండ్లల్ల ఒట్టిపోయింది, మల్ల చూడి కట్టలే." ఆయన చేతులు దులుపుకున్నాడు. "దాని మంచికేసిన్నా? నా క్యాను నిండాలని ఏసిన. ఇప్పుడు గల్లీ గల్లీ తిరిగి సూది ఏస్తమంటున్నరు. ఎవని క్యాను నిండాల్నో?"

అఖిల వెనక నుంచి ఇంకో గొంతు వినబడింది.

"ఆ బర్రెను అడిగినవా?"

తవుడు బుట్టతో పుష్పమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"బర్రెను ఏమడుగుతరే?"

"దాన్ని అడగకుండ పొడిచినవ్. ఇప్పుడు నన్ను అడగకుండ ఆపుతున్నవ్. గా తాడు ఇంక నీ చేతిలనే ఉంది."

మొగులయ్య మళ్లీ పొదుగు వైపు తిరిగాడు. బర్రె తోక విసిరి ఆయన వీపు మీద చరిచింది. ఇంకోరోజైతే అఖిల పకపకా నవ్వేది.

"ఈశ్వరయ్య పెండ్లాం మొఖం రోజు చూస్తున్న," అంది పుష్పమ్మ, బుట్ట కింద పెడుతూ. "నాకు సూదన్న భయమే, రోగమన్న భయమే. ఏ భయం మొయ్యాల్నో నేను చూసుకుంట. అఖిలా, చెప్పులేసుకో."

ఇద్దరూ వెళ్లొచ్చారు. మొగులయ్య అడ్డు రాలేదు.

సాయంత్రానికి పుష్పమ్మకు ఒళ్లు కాలింది. మొగులయ్య గడప దగ్గర రెండుసార్లు తచ్చాడి, చివరికి లోపలికొచ్చి, జ్వరమొచ్చిన పశువును చూసినట్టు ఆమె చెవి పట్టి చూశాడు.

"నేను బర్రెను గాదయ్యా, నుదురు చూడు," అంది ఆమె కళ్లు మూసుకునే. అఖిల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొగులయ్య నవ్వలేదు. మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"ఏసే ముందట ఏమన్న చెప్పిండ్రా?"

"అడిగిన, నర్సమ్మ చెప్పింది. మందు పేరు, ఎందుకేస్తరో, అన్ని. జొరమొస్తదని గూడ."

"ఒద్దంటే?"

"లేచి రావచ్చంట."

మొగులయ్య తడిగుడ్డ పిండి ఆమె నుదుటి మీద వేసి, మడత సరిచేశాడు.

"బిడ్డా, ఆ నర్సమ్మ రేపుంటదా?"

"ఉంటుంది మామా."

"ఏసుకుంటనని గాదు," అన్నాడాయన. "ముందుగాల అడుగుత."