ఉప్పు వేళ రేడియో

చెన్నయ్యకు ఊరికే వచ్చేది ఏది చూసినా ఒళ్లు మండేది. ఇవాళ ఊరికే మజ్జిగ పోసినవాడు రేపు బర్రెకు గడ్డి అడుగుతాడని ఆయన నమ్మకం. అలాంటి మనిషి గొర్రెల మందలోకి ఇల్లరికపు అల్లుడు గిరి, ఫోన్‌లో ఊరికే పాటలు వినిపించే రేడియోను తెచ్చిపెట్టాడు.

కొల్లాపూర్ అవతల రైతు లింగయ్య చేలో మందను ఆపినప్పటినుంచీ అదే మోత. పొద్దున బండల మీద గొర్రెలకు ఉప్పు పోస్తూ గిరి రేడియో పెట్టేవాడు. ప్రతిసారీ ముందు డప్పు దరువు, దాని వెంట ఒక ఆడపిల్ల నవ్వు, ఆ తర్వాతే పాట. ఉప్పు అయిపోయాక చెవుల్లో వైర్లు పెట్టుకుని తనొక్కడే వినేవాడు. ఆ గుట్టు చెన్నయ్యకు అసలే గిట్టలేదు.

"ఊకెనే ఇనిపిస్తే గా రేడియోవోళ్లకేం లాభం?" అని ఒకనాడు అడిగాడు.

గిరి నవ్వి ఊరుకున్నాడు. అంతలో ఫోన్ మీద ఏవో అక్షరాలు వస్తే వేలితో నొక్కాడు.

"గా ఫోన్ ఏమడిగింది?" అన్నాడు చెన్నయ్య.

"మనమేడ ఉన్నమో అడిగింది మామా. చెప్పిన."

"ఎవరికి?"

"రేడియోకు."

పాటలు పాడేవాడికి మంద ఎక్కడుందో ఎందుకు? గొర్రెల దొంగకైతే కావాలి. ఆ రోజునుంచి చెన్నయ్యకు కంటిమీద కునుకు లేదు. అల్లుడు ఫోన్ చూసి నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని ఊరికే అన్నారా?

ఒక మధ్యాహ్నం గిరి సద్ది తేవడానికి ఇంటికి పోయాడు. వేపచెట్టు కింద చెన్నయ్య కాస్త నడుం వాల్చి లేచేసరికి, రోడ్డు వైపు మేస్తున్న పెద్ద పొట్టేలు లేదు. దాని వెంట తిరిగే గొర్రెలూ లేవు. తండ్రి నేర్పిన ఈల వేశాడు, గొంతెండేదాకా వేశాడు. ఒక్కటీ రాలేదు.

గిరి సద్దిగిన్నెతో రాగానే, పక్క చేలో కలుపు తీస్తున్న కూలీల ముందే అతని చొక్కా పట్టుకున్నాడు. "మంద ఏడుందో గా ఫోన్ల చెప్పింది నువ్వే. దొంగలను తోలుకొచ్చింది నువ్వే!"

గిరి ముఖం నల్లబడింది. "నేను దొంగనా మామా?"

"కాకుంటే గొర్లేవి?"

గిరి గిన్నెను గట్టు మీద పెట్టి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. కాసేపటికి కూతురు నాగరాణి ఫోన్ చేసింది. "బాపు, ఆయన బట్టలు సదురుకుంటుండు. ఆయన పోతే నేనూ పోత. నీ మందతోని నువ్వే బతుకు."

చెన్నయ్యకు ఉన్నది ఒక్కతే బిడ్డ. అయినా అన్న మాటను వెనక్కి తీసుకోలేక, మిగిలిన మందను కూలీలకు అప్పజెప్పి, లింగయ్యను వెంటబెట్టుకుని గిట్టల జాడ పట్టుకుని నడిచాడు. జాడ సూటిగా పోయి రోడ్డు పక్కన అమరేందర్ పంక్చర్ దుకాణం ముందు ఆగింది.

పొట్టేలు దర్జాగా గుమ్మంలో నిలబడి ఉంది. గొర్రెలు చుట్టూ ఉన్న బండలు నాకుతున్నాయి.

"మీవేనా గీ గొర్లు?" అని అమరేందర్ లబలబలాడాడు. "గిట్ల ఫోన్ల రేడియో పెట్టిన, గట్ల ఉరికొచ్చినయ్. ఎల్లగొడితే పోతలేవు!"

లోపల పాట అయిపోయింది. మళ్లీ అదే డప్పు దరువు, అదే ఆడపిల్ల నవ్వు. పొట్టేలు చెవులు రిక్కించి, మళ్లీ బండ మీదికి మూతి చాచింది. ఆ దరువు వినబడితే ఉప్పు దొరుకుతుందని అవి నేర్చుకున్నాయి. ఏ దొంగా రాలేదు, ఎవడూ తోలుకుపోలేదు. చెన్నయ్యకు తల కొట్టేసినట్టయింది.

రేడియో ఆపించి ఈల వేశాడు. పొట్టేలు ఆయన వంక చూసి, బండను నాకుతూనే ఉంది.

"ఫోన్ పట్టుకొని నేను ముందు నడుస్త పెద్దాయనా, ఎంట వస్తయ్," అన్నాడు అమరేందర్. మంచిదేనన్నాడు లింగయ్య.

గొర్రెలైతే వస్తాయి. అల్లుడు పోతే బిడ్డ ఆగుతుందా?

"వద్దు. మావోణ్నే పిలుస్త," అని చెన్నయ్య ఫోన్ తీశాడు. "గిరీ, గొర్లు దొరికినయ్. పంక్చర్ దుకాణం కాడున్నయ్. నా ఈలకు కదుల్తలేవు. జర రా."

"దొంగను మంద కాడికి పిలుస్తున్నవా మామా?"

లింగయ్య వింటున్నాడు, అమరేందర్ వింటున్నాడు. చెన్నయ్య గొంతు తగ్గించలేదు. "నువ్వు దొంగవు కాదు. తప్పు నాది. పదిమంది ముంగట అన్న, పదిమంది ముంగట్నే చెప్త. రా బిడ్డా."

గిరి వచ్చాడు. బట్టల సంచి భుజానే ఉంది. మామ ముఖం చూడకుండా ఫోన్ తెరిచాడు. దరువు మోగగానే పొట్టేలు కదిలింది. ముందు గిరి, వెనక గొర్రెలు, అన్నిటికన్నా వెనక, పుట్టి బుద్ధెరిగాక మంద ముందే నడిచిన చెన్నయ్య. చేను చేరగానే కూలీలను పేరుపేరునా పిలిచి, అల్లుడి మీద వేసిన నిందను వెనక్కి తీసుకున్నాడు.

గిరి బండ మీద ఉప్పు పోసి, సంచిని తీసి వేపకొమ్మకు తగిలించాడు. అది చూశాకే చెన్నయ్యకు ఊపిరాడింది. గట్టు మీద కూలబడి, ఎగబడి ఉప్పు నాకుతున్న గొర్రెలను కాసేపు చూశాడు.

"నువ్వు ఉప్పు పెట్టినవ్, గివి నీ ఎంట పడ్డయ్," అన్నాడు మెల్లగా. "మరి గా రేడియో ఎంట నువ్వు పడ్డవ్, నీకు గాళ్లేం పెడుతున్నరు బిడ్డా?"

గిరి చేతిలోని ఫోన్ వంక చూసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.